పరాయి ఊళ్ళో మనకెవరున్నారు?

ఆగస్టులో నాకు వచ్చే ఉత్తరాలు వీసా గురించి, ఫీజుల గురించి, రూము గురించి ఉంటాయి. చలి ముదిరి జనవరి దాటేసరికి మాట మారుతుంది. ఎక్కడి నుంచి రాసినా, ఎవరు రాసినా, ఒకటే: ‘ఒంటరిగా ఉంది అక్కా.’ అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు నా గురించి రెండు మాటలు. మాది తెనాలి. 2008 ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వచ్చాను. మిస్సోరీ రాష్ట్రంలో, కాన్సాస్ సిటీకి గంట దూరంలో ఉండే చిన్న ఊళ్ళో చదివాను. పదకొండేళ్ళుగా టెక్సాస్‌లో ఒక కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో పని చేస్తున్నాను. ఉత్తరాల్లో పేర్లు, గుర్తులు తీసేసి, కాస్త కుదించి వేస్తున్నాం.

ప్రశ్న: అక్కా, మాది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. ఇల్లినాయిలో ఎమ్మెస్ రెండో సెమిస్టర్. ఐదుగురం తెలుగువాళ్ళం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మొదటి మూడు నెలలు పండగలా గడిచింది. ఇప్పుడు ఎవరి పని వాళ్ళది. నేను లేచేసరికి ఇద్దరు వెళ్ళిపోతారు, నేను పడుకున్నాక ఇద్దరు వస్తారు. మొన్న మూడు రోజులు జ్వరం వస్తే ఎవరికీ తెలియలేదు. క్లాసులో నాకు తెలిసినవాళ్ళు లేరు. నా ఇంగ్లిష్‌కి నవ్వుతారేమోనని నోరు విప్పను. ఇంట్లో పద్దెనిమిది లక్షలు అప్పు చేశారు. వెనక్కి వెళ్ళిపోవాలనిపిస్తోంది. ఇంత మందిలో ఉండి నాకే ఎందుకిలా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ‘నాకే ఎందుకిలా’ అనే మాట పక్కన పెట్టు. లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు అమెరికా వెళ్ళొచ్చిన రెండు వందల మంది నార్వేవాళ్ళతో మాట్లాడి 1955లో ఆ సంగతులు ప్రచురించాడు. అమెరికాలో ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళు, ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్ళు కాస్త కుదురుగా ఉన్నారు. మధ్యలో ఉన్నవాళ్ళే ఎక్కువ నలిగారు. అందరికీ ఇలాగే జరుగుతుందని తర్వాతి పరిశోధనలు ఒప్పుకోలేదు గానీ, మా ఆఫీసులో నేను చూసేది మాత్రం దాదాపు ఇదే. సెప్టెంబర్‌లో కళకళలాడుతూ వచ్చిన పిల్లలే ఫిబ్రవరిలో నా ఎదుట కుర్చీలో కూర్చుని నేల చూస్తారు. నువ్వు ఇప్పుడు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నావు.

ఇక నా సంగతి చెప్తాను, ఎందుకంటే నీ జ్వరం గురించి చదవగానే నాకు నా చెయ్యి గుర్తొచ్చింది.

2008 డిసెంబర్, సెలవులు. మేం ముగ్గురం రూమ్మేట్లం. ఒకమ్మాయి న్యూజెర్సీలో బాబాయి ఇంటికి, ఇంకొకమ్మాయి షికాగో వెళ్ళారు. టికెట్ డబ్బులు లేక నేను ఉండిపోయాను. బయట మోకాలి లోతు మంచు. ఒక రాత్రి బజ్జీలు తినాలనిపించి మూకుడు పెట్టాను. మూకుడు పక్కకు జరపబోతే చెయ్యి జారి, కాగిన నూనె ఎడమ మణికట్టు మీదుగా వేళ్ళదాకా పడింది. టైమ్ పదిన్నర. చేతికి టూత్‌పేస్ట్ రాసుకుని, ఫోన్ పట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చున్నాను.

ఫోన్‌లో నంబర్లకు కొదవ లేదు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళం అరవై మంది దాకా ఉండేవాళ్ళం, అందరూ తెలుసు. ఒక్కొక్కరికే చేశాను. కారున్న సీనియర్లు డల్లాస్ వెళ్ళారు. ఇంకొకరు అట్లాంటా. న్యూజెర్సీలో ఉన్న మా రూమ్మేట్ నా మాట వినగానే ఏడ్చేసింది, పాపం అంత దూరం నుంచి అది చేయగలిగింది అదే. అప్పుడు నంబర్లు కిందికి జరుపుతుంటే ‘డేటాబేస్ నేపాల్’ అని ఒకటి కనిపించింది. డేటాబేస్ క్లాసులో నా పక్కన కూర్చునే నేపాలీ అమ్మాయి. ఒకసారి హోంవర్క్ కోసం నంబర్ తీసుకున్నాను. పేరు ఎలా రాయాలో తెలియక అలా సేవ్ చేశాను. ఆ అమ్మాయితో నేను పాఠం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

ఇరవై నిమిషాల్లో వచ్చింది. మంచులో నడిచి, స్వెటర్ మీద దుప్పటి చుట్టుకుని. వెనకాల వాళ్ళ పక్కింట్లో ఉండే కెన్యా అబ్బాయి, పాత కారు తాళాలతో. ఆ అమ్మాయి రాగానే చేసిన పని, నా చెయ్యి కుళాయి కింద పెట్టి ఆ పేస్టంతా కడిగేయటం. ఇరవై నిమిషాలు చన్నీళ్ళ కిందే ఉంచాలి, పేస్టూ నెయ్యీ ఐసూ ఏమీ పెట్టకూడదని ఆ రాత్రి నేర్చుకున్నాను. తెల్లవారుజామున మూడింటిదాకా ఎమర్జెన్సీ గదిలో ఇద్దరూ నాతో కూర్చున్నారు.

కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక నేను ఆలోచించింది ఒకటే. అరవై మంది ఉన్నారు, ఒక్కరూ లేరు. వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదు. మనవాళ్ళందరికీ సెలవులు ఒకేసారి, పరీక్షలు ఒకేసారి, డబ్బు కటకట ఒకేసారి, ఇంటర్న్‌షిప్ టెన్షన్ ఒకేసారి. ఒకే తీరు మనుషుల మీదే ఆధారపడితే అందరం కలిసి ఒకే రోజు ఖాళీ అవుతాం. నీ అపార్ట్‌మెంట్‌లో జరుగుతున్నది అదే. నీ జ్వరం తెలియకపోయినవాడు ఆ వారం ఎన్ని షిఫ్టులు చేశాడో, వాడికి ఏ ఈఎంఐ మెడ మీద ఉందో ఆలోచించు. నీ మీద ప్రేమ లేక కాదు.

1977లో హవాయిలో బాక్నర్ అనే ఆయన, ఆయన తోటివాళ్ళు విదేశీ విద్యార్థుల స్నేహాల మీద పని చేశారు. వాళ్ళు చెప్పింది నాకు ఈ ఉద్యోగంలో రోజూ పనికొస్తుంది. ప్రతి విద్యార్థికీ మూడు రకాల మనుషులుంటారట. సొంత దేశంవాళ్ళు, వాళ్ళతో ఉంటే మన మాట, మన తిండి, మన పండగ నిలుస్తాయి. ఆ దేశంవాళ్ళు, చదువూ ఉద్యోగమూ దారీతెన్నూ వాళ్ళ ద్వారా తెలుస్తాయి. మూడోది వేరే దేశాల నుంచి వచ్చిన మనలాంటివాళ్ళు, ఆటకీ సరదాకీ. ఒకరు చేసే పని ఇంకొకరు చేయలేరు. మన పిల్లలు మొదటి గుంపుతోనే మూడు పనులూ చేయించుకోవాలని చూస్తారు. అక్కడే ఇబ్బంది. నేనైతే ఆ మూడో గుంపుకి ఇంకా పెద్ద పీట వేస్తాను. నాకు ఆ రాత్రి తోడు నిలిచినవాళ్ళు వాళ్ళే.

నీ ఇంగ్లిష్ భయానికి కూడా మందు అక్కడే ఉంది. నేరుగా అమెరికన్ల గుంపులోకి దూకక్కర్లేదు. ఇంగ్లిష్ ఎవరికి రెండో భాషో వాళ్ళతో మొదలుపెట్టు. వియత్నాం అబ్బాయి, ఘనా అమ్మాయి, ఇరాన్ నుంచి వచ్చిన పీహెచ్‌డీ ఆయన. వాళ్ళూ మాటలు వెతుక్కుంటారు కాబట్టి నువ్వు వెతుక్కుంటే ఆగుతారు.

ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. ప్రతి క్లాసులో ఒకే కుర్చీలో కూర్చో. చిన్న విషయంలా ఉంటుంది, కానీ రెండు వారాల్లో పక్క కుర్చీ మనిషికి నువ్వు తెలిసిన ముఖం అవుతావు. తర్వాత ఒక చిన్న సాయం అడుగు. ‘మొన్నటి నోట్స్ ఒకసారి చూడొచ్చా?’ అని. సాయం చేస్తేనే స్నేహం పుడుతుందని మనం అనుకుంటాం. అడిగినా పుడుతుంది, నేను చాలామందిలో చూశాను. ప్రొఫెసర్లు వారంలో కొన్ని గంటలు ఆఫీసులో విద్యార్థుల కోసమే కూర్చుంటారు. పెద్ద డౌటు ఉంటేనే వెళ్ళాలని లేదు. ‘ఈ సబ్జెక్టులో ముందుకెళ్ళాలంటే ఏం చదవాలి?’ అని పది నిమిషాలు అడిగి రా. ఏడాది తర్వాత రికమెండేషన్ లెటర్ రాసేది నిన్ను గుర్తుపట్టే ప్రొఫెసరే. క్యాంపస్‌లో లైబ్రరీలోనో మెస్‌లోనో ఉద్యోగం దొరికితే వదలకు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు చేయొచ్చు. డబ్బుకంటే అక్కడ పక్కన నిలబడి పని చేసే మనిషి ముఖ్యం.

చాలా యూనివర్సిటీల్లో ఇంగ్లిష్ మాట్లాడే జోడీని కుదిర్చే కార్యక్రమం ఉంటుంది. నాకు అలా ఒక రిటైర్డ్ టీచరమ్మ దొరికింది. బుధవారం సాయంత్రం నాలుగింటికి కలిసేవాళ్ళం. మొదటి నెల ఆమె మాట్లాడితే నేను తలూపేదాన్ని. ఏప్రిల్‌కి చర్చి ఖాళీ పార్కింగ్‌లో నాకు డ్రైవింగ్ నేర్పింది. చర్చి అంటే మన పిల్లలు జంకుతారు, మతం మాట వస్తుందేమోనని. వస్తే మర్యాదగా ‘మా ఇంట్లో మా పద్ధతి ఉందండీ’ అని చెప్పు. నాకు ఒకసారి వచ్చింది, చెప్పాను, ఆ తర్వాత కూడా ఆమె ప్రతి థాంక్స్ గివింగ్‌కీ నన్ను పిలిచింది. ఒత్తిడి చేసేవాళ్ళయితే మానెయ్. అంతేగానీ భయంతో ముందే తలుపు వేసుకోకు.

ఇంట్లో మీ ఐదుగురి సంగతి. వంట వంతులు ఎలాగూ వేసుకుని ఉంటారు. దానికి ఒకటి చేర్చు: ఆదివారం రాత్రి భోజనం అందరూ కలిసే తినాలి, ఎవరూ షిఫ్ట్ పెట్టుకోకూడదు. నువ్వే మొదలుపెట్టు, నువ్వే వండు. మొదటి వారం ఇద్దరే రావచ్చు. ఆపకు.

నిద్ర పట్టకపోవటం, తిండి సయించకపోవటం వారాల తరబడి ఉంటే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్ళు. చాలాచోట్ల నువ్వు ఇప్పటికే కట్టిన ఫీజులోనే అది ఉంటుంది. అక్కడ చెప్పిన మాట మామూలుగా నీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళదు, వీసా ఫైల్లోకి ఎక్కదు. ప్రాణం మీదకి తెచ్చుకునే ఆలోచన ఒక్క క్షణం వచ్చినా 988కి ఫోన్ చెయ్, లేదా మెసేజ్ పెట్టు. 2022 జులై నుంచి అమెరికా అంతటా, పగలూ రాత్రీ పనిచేస్తున్న నంబర్ అది. ఆ పద్దెనిమిది లక్షలు తీర్చొచ్చు తమ్ముడూ. నువ్వు బాగుండాలి. రెండు నెలల తర్వాత నాకు మళ్ళీ రాయి, క్లాసులో నీ పక్కన కూర్చునే మనిషి పేరేంటో చెప్పు.

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది ఖమ్మం. మా అబ్బాయి డల్లాస్ పక్కన చదువుతున్నాడు. రోజూ రాత్రి తొమ్మిదింటికి పని ముగించుకుని ఫోన్ చేస్తాను. ‘తిన్నావా’ అంటే ‘తిన్నా’, ‘ఎలా ఉన్నావు’ అంటే ‘బాగున్నా’, అంతే, పెట్టేస్తాడు. ముఖం చూస్తే పీక్కుపోయింది. యూనివర్సిటీకి ఫోన్ చేయిస్తే మాకేమీ చెప్పమన్నారు. కన్నతల్లికి చెప్పరా? నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ఫోన్ తీసినవాళ్ళు మిమ్మల్ని తీసిపారేయాలని అలా అనలేదు. 1974 నుంచి ఇక్కడొక చట్టం ఉంది. కాలేజీలో చేరిన విద్యార్థి చదువు వివరాలు మామూలుగా అయితే అతని అనుమతి లేకుండా తల్లిదండ్రులకు కూడా చెప్పకూడదు. మా ఆఫీసుకి కూడా అమ్మలు ఫోన్ చేసి ఏడుస్తారు. నాకు గొంతు పూడుకుపోతుంది, అయినా చెప్పలేను. కానీ మేం వినగలం. ‘మా అబ్బాయి గురించి బెంగగా ఉంది, ఒకసారి మాట్లాడి చూడండి’ అని మీరు చెప్తే, చాలామంది ఆ పిల్లవాణ్ణి ఏదో ఒక వంకతో పిలిచి పలకరిస్తారు. ఈసారి వివరం అడగకండి, మీకు తెలిసింది చెప్పండి.

రెండోది టైమ్. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మీకు రాత్రి తొమ్మిదంటే అబ్బాయికి ఉదయం తొమ్మిదిన్నర. బ్యాగు భుజాన వేసుకుని బస్సు కోసం పరిగెత్తే వేళ. అప్పుడు ఎవరైనా ‘బాగున్నా’ అనే అంటారు. ఆదివారం పొద్దున్న ఏడున్నరకి చేయండి, అక్కడ శనివారం రాత్రి ఎనిమిది. మార్చి రెండో ఆదివారం నుంచి వాళ్ళ గడియారం ఒక గంట ముందుకి జరుగుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

అడిగే మాట కూడా మార్చండి. ‘తిన్నావా’ బదులు ‘ఎవరితో తిన్నావు?’ అనండి. ‘నీ పక్కన క్లాసులో ఎవరు కూర్చుంటారు, వాళ్ళదే ఊరు?’ అనండి. రెండు మూడు వారాలు వరసగా ‘ఒక్కడినే’ అన్న జవాబే వస్తే అప్పుడు బెంగపడాల్సిందే. ఇంకొక మాట, బాధపడకండి: మన పిల్లలు అప్పు తెచ్చిన అమ్మానాన్నలకు కష్టం చెప్పుకోలేరు. చెప్తే మీరు కుమిలిపోతారని దాస్తారు. అందుకే మీరే ముందు అనండి, ‘నాన్నా, బాగోలేదని చెప్తే నేను ఏడవను, వింటాను’ అని. ఆ మాట అబ్బాయికి చాలా ధైర్యం.

అబ్బాయికి చెప్పే ఒక రూమ్మేట్ నంబర్ తీసుకోండి. చాటుగా వద్దు. యూనివర్సిటీ పోలీసు నంబర్ కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి, పూర్తి నంబర్, ముందు 1 కలిపి, ఎందుకంటే ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911 ఖమ్మం నుంచి కలవదు. ఎప్పుడైనా రెండు రోజులు ఫోన్ ఎత్తకపోతే వాళ్ళకు చేసి ‘వెల్ఫేర్ చెక్’ అనండి. వాళ్ళు గదికి వెళ్ళి తలుపు తట్టి చూస్తారు. కేసులూ గీసులూ ఏమీ కావు.

ప్రశ్న: అక్కా, జర్మనీలో మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. ఆదివారం వస్తే భయమేస్తుంది. షాపులు మూత, వీధిలో మనిషి ఉండడు. క్లాసులో జర్మన్లు మర్యాదగా ఉంటారు, అయినా అక్టోబర్ నుంచి ఒక్కరూ కాఫీకి పిలవలేదు. వీళ్ళు మనల్ని దగ్గరికి రానివ్వరని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: చెల్లీ, నేను జర్మనీలో చదవలేదు. మా పిన్ని కూతురు డ్రెస్డెన్‌లో మూడేళ్ళు చదివింది, నీ ఉత్తరం చదివి తనతో గంటసేపు మాట్లాడి రాస్తున్నాను.

జర్మన్‌లో కొత్తవాళ్ళని, పెద్దవాళ్ళని ‘జీ’ అంటారు, దగ్గరివాళ్ళని ‘డూ’ అంటారు. మన మీరు, నువ్వు లాగే. మనింట్లో పక్కింటావిడ పదేళ్ళు ‘మీరు’ అనే అంటుంది, అయినా మన పెళ్ళిళ్ళకి గిన్నెలు తోముతుంది. అక్కడా దూరం అంటే అయిష్టం కాదని మా చెల్లి గట్టిగా చెప్పింది. విద్యార్థుల మధ్య ‘డూ’ మొదటి రోజే వచ్చేస్తుంది. కాఫీ పిలుపే ఆలస్యం అవుతుంది. అక్కడి జనం స్నేహం చేద్దామని కలవరు, పని చేద్దామని కలుస్తారు. పాటకి, ఆటకి, తోటపనికి, కొండలెక్కడానికి దేనికైనా ఒక సంఘం ఉంటుంది, ‘ఫెరైన్’ అంటారు. స్నేహం ఆ పని పక్కన పెరుగుతుంది.

మా చెల్లి యూనివర్సిటీ క్రీడల కోర్సుల్లో వాలీబాల్‌లో చేరింది. ‘హోక్‌షూల్‌స్పోర్ట్’ అని ప్రతి యూనివర్సిటీలోనూ దాదాపుగా ఉంటుంది, విద్యార్థులకు ఫీజు తక్కువ. తనకి జీవితంలో బంతి పట్టిన అలవాటు లేదు, నేర్చుకునేవాళ్ళ బ్యాచ్‌లోనే చేరింది. మంగళవారం సాయంత్రాలు. ఏడు వారాలు ‘హలో’, ‘చూస్’ (వెళ్ళొస్తా), అంతే. ఎనిమిదో వారం జలుబు చేసి వెళ్ళలేదు. తొమ్మిదో వారం షూ లేసులు కట్టుకుంటుంటే పక్కనున్న అమ్మాయి అడిగిందట, ‘పోయిన వారం రాలేదే, ఒంట్లో బాగోలేదా?’ అని. ఆ వాక్యం చెప్పేటప్పుడు ఇన్నేళ్ళ తర్వాత కూడా మా చెల్లి గొంతు మారింది. మనం కనపడకపోతే తెలిసే మనిషి ఒకరుండటం, ఒంటరితనానికి అంతకంటే మందు నాకు తెలియదు.

కాబట్టి నువ్వు ఒక్కటి ఎంచుకో, వారం వారం వెళ్ళు, ఒక సెమిస్టర్ మొత్తం. నాలుగు చోట్ల నాలుగేసి రోజులు తిరిగితే ఏదీ అంటుకోదు. అలాగే ‘టాండెం’ జోడీ అడుగు. నువ్వు ఇంగ్లిష్‌లో సాయం చేస్తావు, వాళ్ళు జర్మన్ నేర్పుతారు. ఇంగ్లిష్‌లో చదివే కోర్సే అయినా జర్మన్ మానకు. బేకరీలో ఆవిడతో రెండు ముక్కలు మాట్లాడగలిగిన రోజున ఊరు కాస్త మెత్తబడుతుంది. 2022-23 నుంచి జర్మనీలో విదేశీ విద్యార్థుల్లో అందరికంటే ఎక్కువ మంది మనవాళ్ళే, చైనావాళ్ళని దాటారు. కాబట్టి తెలుగు మాటకి కరువుండదు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళకివ్వు. వంట అప్పుడే, ఇంటికి ఫోన్ అప్పుడే. శనివారమే సరుకులు తెచ్చుకో.

మరీ గుండె బరువెక్కిన రాత్రి 0800 111 0 111కి చేయొచ్చు, టెలిఫోన్‌జేల్‌జోర్గె అంటారు, ఉచితం, రాత్రంతా ఉంటుంది, మాట మాత్రం ఎక్కువగా జర్మన్‌లో సాగుతుంది. ప్రాణాపాయం అయితే 112.

ప్రశ్న: మేడమ్, అమెరికాలో ఎమ్మెస్ మొదటి సెమిస్టర్. వేరే కాలేజీకి ట్రాన్స్‌ఫర్ అయితే మొదటి రోజు నుంచే బయట ఉద్యోగం చేసుకోవచ్చని ఒక సీనియర్ అన్న చెప్తున్నాడు. మా వాట్సాప్ గ్రూపులో పదిహేను మంది రెడీ అయ్యారు. మా కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడిగితే నా మీద అనుమానం వస్తుందేమో. అన్న మాట నమ్మొచ్చా?

జవాబు: ఆ అన్న మంచివాడే అయ్యుండొచ్చు. కానీ నాకు రెండు జనవరిలు గుర్తున్నాయి.

2011 జనవరి. కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే యూనివర్సిటీని మూసేశారు. వెయ్యి మందికి పైగా విద్యార్థులు, చాలామంది తెలుగువాళ్ళు. కొందరి కాలికి రేడియో ట్యాగులు తగిలించారు, ఆ ఫొటోలు మన పేపర్లలో మొదటి పేజీలో వచ్చాయి. 2019 జనవరి. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అది అసలు యూనివర్సిటీయే కాదు, ఇమ్మిగ్రేషన్ అధికారులే పన్నిన వల. వంద మందికి పైగా మన పిల్లల్ని పట్టుకున్నారు. విద్యార్థుల్ని అందులో చేర్పించినందుకు ఎనిమిది మంది మీద కేసు పెట్టారు, వాళ్ళలోనూ తెలుగువాళ్ళున్నారు. రెండుసార్లూ కబురు పాకింది ఒకే దారిలో. అన్న చెప్పాడు, ఫ్రెండ్ చేరాడు, గ్రూపులో అందరూ వెళ్తున్నారు. పదిహేను మంది చెప్పారని నువ్వనుకుంటున్నావు. లెక్క పెట్టి చూడు, చెప్పింది ఒక్కడే, మిగతా పద్నాలుగు మంది విన్నారు.

కొన్ని గ్రాడ్యుయేట్ కోర్సుల్లో మొదటి సెమిస్టర్ నుంచే సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పని చేసే అనుమతి, ఇవ్వటానికి రూల్స్‌లో చోటుంది. అయితే నీ సందర్భం అందులోకి వస్తుందో రాదో గ్రూపులో తేలదు. మీ ఆఫీసులో డీఎస్ఓని, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని అడుగు. ప్రశ్న అడగటం నేరం కాదు. అడిగారని మేం ఎవరి పేరూ ఎక్కడా రాయం. నన్ను బాధపెట్టేది, అన్నీ అయిపోయాక వచ్చి ‘ముందే అడగాలనుకున్నాను మేడమ్’ అనే పిల్లలు. ఆఫీసు మాట చాలకపోతే ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక్కసారికి ఫీజు కట్టి మాట్లాడు. అన్నని వదులుకోమనటం లేదు. అద్దె అడ్వాన్స్‌కి, ఎయిర్‌పోర్ట్ రైడ్‌కి, కూరలకి అన్న కావాలి. వీసాకి వద్దు.

ప్రశ్న: అక్కా, గుంటూరు నుంచి ఈ ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్తున్నాను. మా నాన్న ‘అక్కడ మనకెవరూ లేరు’ అని రోజూ అంటున్నారు. వెళ్ళేలోగా ఏం సర్దుకోవాలి?

జవాబు: నాన్నగారికి చెప్పు, మా నాన్నగారూ విజయవాడ స్టేషన్లో అదే మాటన్నారని.

చాలా యూనివర్సిటీల్లో భారతీయ విద్యార్థుల సంఘం ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి తీసుకెళ్తుంది, మొదటి కొన్ని రాత్రులు ఎవరో ఒకరి ఇంట్లో చోటు చూపిస్తుంది. ఇప్పుడే వాళ్ళకి రాయి. అనుకోని ఆపద వస్తే ఆదుకోవడానికి ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాకి ‘టీమ్ స్క్వేర్’ అని ఒక బృందం ఉంది. మన విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో. ఈ నంబర్లు ఒక కాగితం మీద రాసి నాన్నగారి చేతికివ్వు, బీరువా తలుపుకి అంటించుకుంటారు. ఓరియెంటేషన్ మొదటి రోజున ఇంగ్లిష్ జోడీ పట్టిక ఉంటే అప్పుడే పేరు రాసెయ్, వారం ఆగితే సిగ్గు పెరుగుతుంది. చేరిన నెలలోపు తెలుగు రానివాళ్ళ నంబర్లు మూడు నీ ఫోన్లో ఉండాలి, పేర్లతో సహా. పేరు ఎలా పలకాలో అడిగి రాసుకో. నేను ఆ నేపాలీ అమ్మాయి పేరు సరిగ్గా నేర్చుకున్నది ఎమర్జెన్సీ గదిలో.

కుక్కర్ ఐదు లీటర్లది కొనుక్కో. నేను మూడు లీటర్లది తీసుకెళ్ళాను. ఆ డిసెంబర్ తర్వాత మా ఇంట్లో గురువారాలు నలుగురైదుగురం తినేవాళ్ళం, అన్నం రెండుసార్లు పెట్టాల్సి వచ్చేది.